తేమ యంత్రాలు – ఊపిరితిత్తుల వ్యాధి

హొగేనక్కల్ అన్న పేరులోనే పొగ ఉంది. కన్నడంలో ‘హొగె’ అంటే పొగ, ‘కల్’ అంటే రాయి. పాత కన్నడపు పకారం కాలక్రమాన హకారంగా మారడంతో ‘పొగె’ కాస్తా ‘హొగె’ అయింది. తెలుగువారి ‘పొగ’కు అది తోబుట్టువే. ధర్మపురి జిల్లా పెన్నాగరం తాలూకాలో, తమిళనాడు కర్ణాటకల సరిహద్దున, కావేరి బండల మీదుగా దూకే చోట లేచే నీటి తుంపర దూరానికి పొగవలె కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. పుట్టి ఎక్కి ఆ తుంపరలో తడిసి వచ్చిన సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు.

అటువంటి చల్లని పొగను పడకగదిలోనే పుట్టించే చిన్న యంత్రాలు కొంతకాలంగా పల్లెలకు కూడా చేరాయి. వీటిని హ్యుమిడిఫైయర్లు అంటారు. తెలుగులో తేమ యంత్రాలు అనవచ్చు. పసిబిడ్డకు జలుబు చేసినప్పుడు, ఏసీ గదిలో గొంతు ఆరిపోతున్నప్పుడు, చలికాలంలో చర్మం పగిలినప్పుడు వీటిని కొంటున్నారు. యంత్రం మంచిదే. అయితే దానిలో పోసే నీటిని, దాని శుభ్రతను పట్టించుకోకపోతే అదే యంత్రం ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేయగలదని గత అర్ధశతాబ్దపు వైద్య చరిత్ర అనేక పర్యాయాలు నిరూపించింది. తాగడానికి పనికివచ్చే నీరు పీల్చడానికి కూడా పనికివస్తుందన్న భావనే ఈ ప్రమాదానికి మూలం. జీర్ణకోశానికి ఉన్న రక్షణలు ఊపిరితిత్తులకు లేవు.

జలపాతపు తుంపర, యంత్రపు తుంపర

జలపాతం వద్ద ముఖం మీద పడే తుంపరలో అధిక భాగం పెద్ద బిందువులే. అవి ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. పైగా అది పారే నీరు, ఆరుబయలు గాలి, గంటో రెండు గంటలో గడిపి వచ్చే చోటు. ఇంటి యంత్రం సంగతి వేరు. నేడు చౌకగా దొరికే తేమ యంత్రాలలో అత్యధికం అల్ట్రాసోనిక్ రకానివి. వీటి అడుగున ఉండే చిన్న బిళ్ళ సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికి నీరు వేడెక్కకుండానే అతి సూక్ష్మ బిందువులుగా చిట్లుతుంది. వాటి పరిమాణం సాధారణంగా 1 నుండి 5 మైక్రాన్ల వరకు ఉంటుంది. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుందని గుర్తు చేసుకుంటే ఆ బిందువు ఎంతటిదో ఊహించవచ్చు. ఇంత సన్నని బిందువు ముక్కులో ఆగదు; శ్వాసనాళాలు దాటి, రక్తంలోకి ప్రాణవాయువు చేరే గాలి గదుల దాకా పోతుంది.

నీటిని మరిగించి ఆవిరి విడిచే పాత రకపు యంత్రాలలో ఈ చిక్కు తక్కువ. మరుగు వలన సూక్ష్మజీవులు చస్తాయి, లవణాలు అడుగున మిగిలిపోతాయి. అయితే పిల్లలున్న ఇంట్లో వేడినీటి యంత్రం కాలిన గాయాలకు కారణం కావచ్చు. ఒక ప్రమాదాన్ని తప్పించబోయి మరొక ప్రమాదాన్ని తెచ్చుకోవడం ఈ విషయంలో తరచుగా జరుగుతూ ఉంటుంది.

నిలువ నీటిలో పెరిగేవి

తేమ యంత్రపు తొట్టిలో రెండు మూడు రోజులు నీరు నిలిస్తే లోపలి గోడలపై జిగురు పొర ఏర్పడుతుంది. వేలితో తడిమితే జారుడుగా తగులుతుంది. బాక్టీరియా, బూజు జాతులు, ఏకకణ జీవులు అందులో కాపురముంటాయి. యంత్రం నడిచినప్పుడల్లా అవి, వాటి శకలాలు, అవి విడిచిన విషపదార్థాలు గదిలోని గాలిలో కలుస్తాయి. వీటిని పదే పదే పీల్చిన వారిలో కొందరికి శరీర రక్షణ వ్యవస్థ అతిగా స్పందించి ఊపిరితిత్తులు వాస్తాయి. దీనిని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. ఇది ఒకరి నుండి మరొకరికి అంటుకునే వ్యాధి కాదు. ఒకే గదిలో నిద్రించే నలుగురిలో ఒకరికే రావచ్చు. అందుచేతనే ఇంటివారు యంత్రాన్ని అనుమానించరు.

ఈ వ్యాధి కుటుంబం పాతదే. బూజు పట్టిన ఎండుగడ్డిని కదిలించే రైతులకు వచ్చే ‘రైతు ఊపిరితిత్తి’ జబ్బును 1932లో ఇంగ్లండులో వర్ణించారు. చెరకు పిప్పిని తడిగా నిలువచేసే చోట పనిచేసేవారికి వచ్చే బగాసోసిస్ కూడా ఈ కోవలోనిదే. గానుగలున్న చిత్తూరు జిల్లా పల్లెలకు ఇది తెలిసి ఉండవలసిన పేరు. పావురాల రెట్ట, ఈకల పొడి వలన వచ్చేది మరొకటి. 1970లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర వైద్యులు ఒక కార్యాలయపు ఎయిర్ కండిషనింగ్ వ్యవస్థలో పెరిగిన సూక్ష్మజీవుల వలన అక్కడి ఉద్యోగులు కొందరు ఇదే వ్యాధికి గురైనట్లు ప్రకటించారు. గడ్డివాములోని జబ్బు గదిలోకి వచ్చిందని వైద్యలోకం గుర్తించింది అప్పటినుండే.

దీనికంటె తేలికపాటిది ‘హ్యుమిడిఫైయర్ జ్వరం’. తేమ యంత్రాలున్న కర్మాగారాలలో సెలవు ముగిసి పనిలో చేరిన మొదటి రోజు సాయంకాలం జ్వరం, ఒళ్ళు నొప్పులు, దగ్గు వచ్చి మర్నాటికి తగ్గిపోయేవి. సోమవారపు జ్వరమని దానికి వాడుక పేరు. ఇది సాధారణంగా ఊపిరితిత్తులలో శాశ్వత మచ్చలను మిగల్చదు.

నేరుగా సంక్రమణ కలిగించే క్రిములు కూడా ఈ తొట్టెలలో పెరుగుతాయి. 2008 డిసెంబరులో సైప్రస్ దేశపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నవజాత శిశువుల గదిలో అల్ట్రాసోనిక్ తేమ యంత్రాన్ని ఉంచారు. దానిలోని నీటి నుండి లీజియొనెల్లా అనే బాక్టీరియా 9 మంది శిశువులకు సోకింది. వారిలో ముగ్గురు మరణించారు. ఆ బిడ్డలు నెలలు నిండి, ఆరోగ్యంగా పుట్టినవారే.

కొరియా ఉదంతం

తొట్టిలో క్రిములు పెరుగుతున్నప్పుడు వాటిని చంపే మందు కలిపితే సరిపోతుంది కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. దక్షిణ కొరియాలో సరిగ్గా అదే జరిగింది. ఇళ్ళలోని తేమ యంత్రాల వలన సంభవించిన విపత్తులలో ప్రపంచమంతటా దీనికి మించినది లేదు.

కొరియాలో చలికాలం పొడిగా ఉంటుంది, ఇళ్ళను వెచ్చబెట్టుకుంటారు. అందువలన తేమ యంత్రం అక్కడ దాదాపు ప్రతి మధ్యతరగతి ఇంటి వస్తువు. 1994లో ఆ యంత్రపు నీటిలో కలిపే క్రిమినాశక ద్రవం మొదటిసారి విపణిలోకి వచ్చింది. తరువాత అనేక సంస్థలు అటువంటివే తయారు చేశాయి. రోజూ తొట్టి కడిగే శ్రమ లేకుండా ఒక మూత ద్రవం పోస్తే చాలునన్నది దాని ఆకర్షణ. పసిబిడ్డలున్న తల్లులు, గర్భిణులు దీనిని ప్రత్యేకంగా కొన్నారు. శుభ్రత విషయంలో ఎక్కువ జాగ్రత్త గలవారే ఎక్కువగా వాడారన్నది ఈ ఉదంతంలోని విషాదం. మనిషికి హాని లేనిదని సీసాల మీద ముద్రించిన సంస్థలు కూడా ఉన్నాయి.

2006 ప్రాంతం నుండే సియోల్ నగరపు పిల్లల వైద్యులు ఒక వింతను గమనిస్తూ వచ్చారు. ప్రతి సంవత్సరం చలికాలం చివర, వసంతకాలంలో కొందరు చిన్నారుల ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే గట్టిపడి శ్వాస ఆడక మరణించేవారు. వైరస్ అయి ఉంటుందని మొదట భావించారు. 2011 వసంతంలో సియోల్‌లోని ఆసాన్ వైద్యకేంద్రానికి గర్భిణులు, కొత్తగా ప్రసవించిన స్త్రీలు ఒకరి తరువాత ఒకరుగా అదే లక్షణాలతో వచ్చారు. వైద్యులు ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రానికి తెలియజేశారు. అంటువ్యాధి కాదని తేలాక రోగుల ఇళ్ళలో ఏ వస్తువులు వాడారో, ఆరోగ్యవంతుల ఇళ్ళలో ఏవి వాడారో పోల్చి చూశారు. ఆ పోలికలో తేమ యంత్రపు క్రిమినాశకమే బయటపడింది. 2011 ఆగస్టు 31న ప్రభుత్వం ఆ అనుమానాన్ని ప్రకటించి వాడవద్దని కోరింది. నవంబరులో సరుకును వెనక్కు తీసుకోవాలని ఆదేశించింది. అమ్మకాలు ఆగిన తరువాత ఆ వింత వ్యాధి కొత్తగా కనిపించలేదు.

ఈ ద్రవాలలో ముఖ్యమైనది పి.హెచ్.ఎం.జి. అనే రసాయనం. చర్మానికి తగిలినా, కొద్దిగా మింగినా దాని విషం తక్కువే. ఇతర వస్తువుల శుభ్రతకు వాడే రసాయనంగానే దానిని పరిశీలించారు. సూక్ష్మ బిందువులుగా మారి రాత్రంతా ఊపిరితిత్తులలోకి పోతే ఏమవుతుందో అమ్మకానికి ముందు ఎవరూ పరీక్షించలేదు. పదిహేడేళ్ళ పాటు లక్షలాది ఇళ్ళలో ఆ పరీక్ష జరిగినట్లయింది.

2016లో ఆక్సీ రెకిట్ బెంకిజర్ సంస్థ బహిరంగంగా క్షమాపణ కోరింది. 2017 జనవరిలో ఆ సంస్థ మాజీ ప్రధానాధికారికి కారాగార శిక్ష పడింది. అదే సంవత్సరం బాధితుల సహాయార్థం ప్రత్యేక చట్టం అమలులోకి వచ్చింది. సహాయానికి నమోదైన బాధితులలో వెయ్యి మందికి పైగా మరణించినవారే. ఈ వ్యవహారంలో ప్రభుత్వానికి కూడా బాధ్యత ఉందని ఆ దేశపు సుప్రీంకోర్టు 2024లో ఖరారు చేసింది.

ఈ ప్రాంతపు ఇళ్ళకు దీనివలన తేలే విషయం స్పష్టం. తేమ యంత్రపు నీటిలో డెటాల్, ఫినాయిల్, బ్లీచింగ్ ద్రవం, చేతులు కడిగే శానిటైజర్ వంటివి ఎంత తక్కువ మోతాదులోనైనా కలపరాదు. నీలగిరి తైలం, కర్పూరం, నొప్పుల బామ్ కూడా వేయకూడదు. నూనె బిందువులు ఊపిరితిత్తులలోకి చేరితే అక్కడినుండి సులభంగా పోవు.

బోరు నీరు, తెల్లని పొడి

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భజలాలలో ఫ్లోరైడు అధికమన్నది అందరికీ తెలిసినదే. అందుకే హొగేనక్కల్ వద్ద కావేరి నీటిని తీసి శుద్ధి చేసి ఆ రెండు జిల్లాలకు అందించే తాగునీటి పథకానికి జపాను ఆర్థిక సహాయంతో 2008లో శంకుస్థాపన జరిగింది. 2013లో అది ప్రారంభమైంది. కొళాయి నీరు వచ్చే ఇళ్ళలో దానిని వంటకు, తాగడానికి దాచుకుని మిగతా పనులకు బోరు నీరు వాడడం గృహిణులకు సహజమైన పొదుపు. తేమ యంత్రం కూడా ఆ ‘మిగతా పనుల’ కిందికే వస్తుంది. చిక్కు అక్కడే ఉంది.

అల్ట్రాసోనిక్ యంత్రం నీటితో పాటు అందులో కరిగిన లవణాలను కూడా గాలిలోకి విసురుతుంది. నీరు ఆవిరై పోగా సున్నపు, మెగ్నీషియపు లవణాలు మైక్రాను కంటె చిన్న రేణువులుగా గాలిలో మిగులుతాయి. మర్నాడు బల్ల మీద, టీవీ మీద తెల్లని పొడిగా కనిపించేది అదే. ఒక లెక్క చూడవచ్చు. లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీటిని గంటకు 300 మిల్లీలీటర్ల చొప్పున 8 గంటలు వెదజల్లితే 2.4 లీటర్ల నీరు, 2.4 గ్రాముల లవణం గదిలోకి వస్తాయి. అది అర టీస్పూను ఉప్పుకు కాస్త తక్కువ. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ కోరదగిన పరిమితిగా చెప్పినది లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు అనుమతించింది. ఆ అంకెలు తాగేందుకు నిర్ణయించినవి. పీల్చేందుకు కావు. అమెరికాలో ఇటువంటి తెల్లని పొడి పీల్చిన ఒక శిశువుకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నట్లు 2011లో వైద్య పత్రికలో నివేదిక వచ్చింది.

కాచి చల్లార్చిన నీరు పోస్తే చాలునని అనేకులు నమ్ముతారు. కాచడం వలన క్రిములు చస్తాయి గాని కరిగిన లవణాలలో అధిక భాగం ఎక్కడికీ పోదు. కొంత నీరు ఆవిరైనందున మిగిలినదాని గాఢత పెరగవచ్చు కూడా. డిస్టిల్డ్ వాటర్ ఉత్తమం. అది లేనిచోట లవణాలు బాగా తగ్గించిన ఆర్.ఓ. నీరు మేలు.

ఎయిర్ కూలర్ సంగతి

సరిహద్దు గ్రామాలలో తేమ యంత్రం ఉన్న ఇళ్ళు ఇంకా కొద్దిపాటివే. ఎయిర్ కూలర్ మాత్రం విరివిగా ఉంది. తడిసిన గడ్డి ప్యాడ్ల గుండా గాలిని లాగి చల్లబరచే కూలర్ ఒక విధంగా పెద్ద తేమ యంత్రమే. ఇది అల్ట్రాసోనిక్ యంత్రంలా నీటిని చిట్లించదు. కాని తడి ప్యాడ్ల మీద పెరిగిన బూజు బీజాలను గాలితో పాటు గదిలోకి నెట్టగలదు.

జైపూరు వైద్యుల నాయకత్వంలో 2012 మార్చి నుండి 2015 జూన్ వరకు దేశంలోని 19 నగరాలలో 27 ఆసుపత్రులు ఊపిరితిత్తుల కణజాల వ్యాధుల రోగుల వివరాలు సేకరించాయి. 2017లో ప్రచురితమైన ఆ నివేదికలో 1,084 మంది కొత్త రోగులున్నారు. వారిలో 513 మందికి, అనగా 47.3 శాతానికి, ఉన్న వ్యాధి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పాశ్చాత్య దేశాల లెక్కలలో ఇంత వాటా కనిపించదు. ఈ 513 మందిలో 48.1 శాతం మంది ఎయిర్ కూలర్ల గాలికి గురైనవారు. కూలర్ ఉన్నంత మాత్రాన వ్యాధి వచ్చిందని ఈ అంకె నిరూపించదు. కూలర్ వాడి ఆరోగ్యంగా ఉన్న కుటుంబాలు కోట్లలో ఉన్నాయి. అయినా మానని దగ్గుతో వచ్చిన రోగిని కూలర్ గురించి అడగడానికి అది చాలినంత కారణం.

గుర్తించడం ఎలా

వ్యాధి రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది హఠాత్తుగా వచ్చేది. కలుషితమైన గాలి పీల్చిన 4 నుండి 8 గంటలకు చలిజ్వరం, పొడి దగ్గు, ఆయాసం, ఛాతీ పట్టేసినట్లు ఉండడం మొదలై ఒకటి రెండు రోజులలో తగ్గుతాయి. మళ్ళీ అదే గదిలో పడుకుంటే మళ్ళీ వస్తాయి. రెండవది నెలల తరబడి నెమ్మదిగా ముదిరేది. ప్రమాదకరమైనది కూడా ఇదే. జ్వరం ఉండకపోవచ్చు. మెట్లెక్కితే, నీళ్ళ బిందె మోస్తే ఆయాసం, తెమడ లేని దగ్గు, బరువు తగ్గడం, కొందరిలో వేళ్ళ కొసలు ఉబ్బి గోళ్ళు వంపు తిరగడం కనిపిస్తాయి. ఈ దశలో ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడుతూ ఉంటాయి.

దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చలు – ఈ మూడూ క్షయను తలపిస్తాయి. తెమడ పరీక్షలో క్షయ క్రిమి కనిపించకపోయినా క్షయ మందులు నెలల తరబడి వాడి, ప్రయోజనం లేక పెద్దాసుపత్రికి చేరేవారు ఈ వ్యాధిగ్రస్తులలో ఉంటారు. క్షయ కాదని ఇంట్లోనే నిర్ణయించుకోవడం కూడా అంతే ప్రమాదం. ముందుగా తెమడ పరీక్ష చేయించవలసిందే.

ఇంటివారు గమనించగలిగిన ఆధారం ఒకటుంది. కోడలు పుట్టింటికి వెళ్ళి పదిహేను రోజులుంటే దగ్గు తగ్గి, అత్తవారింటికి వచ్చిన రెండు రోజులకు తిరగబెడుతుంటే, లేదా తాతగారు ఊరు వెళ్ళినప్పుడు తేలికగా ఉండి ఇంట్లో పడుకుంటే ఆయాసపడుతుంటే, ఆ ఇంటి గాలిలో ఏదో ఉందని అనుమానించాలి. తేమ యంత్రం, కూలర్, పావురాలు, బూజు గోడ, తడి పిప్పి – వీటిలో ఏది ఉన్నదీ వైద్యునితో చెప్పాలి. వైద్యుడు అడగకపోయినా చెప్పాలి.

శుభ్రపరిచే విధానం

తేమ యంత్రం తొట్టిని ప్రతిరోజూ, ముందుగా ప్లగ్గు తీసి, ఖాళీ చేసి తుడిచి ఆరబెట్టి కొత్త నీరు పోయాలి. మూడు రోజులకొకసారి బ్రష్షుతో రుద్ది, సున్నపు పొరను వినెగర్‌తో వదిలించాలి. క్రిమినాశకంతో కడిగితే వాసన పూర్తిగా పోయే దాకా మంచినీటితో అనేక సార్లు కడగాలి. గదిలో తేమ 30 నుండి 50 శాతం మధ్య ఉంటే చాలు. కిటికీ అద్దాలు చెమర్చడం, గోడ మూలల నల్లని మచ్చలు పడడం తేమ మించిందనడానికి గుర్తులు. నిజానికి వానాకాలంలో ఈ ప్రాంతానికి తేమ యంత్రంతో పనే లేదు. పసివారి జలుబుకు ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు అంతకంటె చవక, నిరపాయం.

కూలర్ విషయంలో వేసవి మొదట్లో గడ్డి ప్యాడ్లు మార్చడం, వారానికొకసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి పాచి రుద్ది కడగడం అవసరం. డెంగీ దోమ గుడ్లు కూడా దీనితో పోతాయి. ఆపే ముందు పంపు కట్టివేసి కాసేపు ఫ్యాను మాత్రమే నడిపితే ప్యాడ్లు ఆరుతాయి. కిటికీ తెరిచి ఉంచాలి. నిరుటి ప్యాడ్లతోనే, అటక మీదనుండి దింపిన కూలర్‌ను కడగకుండా నడపడం అన్నిటికంటె చెడ్డ అలవాటు.

చికిత్స

అనుమానం కలిగినప్పుడు మొదటి చికిత్స ఆ యంత్రాన్ని ఆపి గదినుండి తొలగించడమే. హఠాత్తుగా వచ్చిన రకం దీనితోనే తగ్గవచ్చు. తగ్గనివారికి వైద్యులు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. వీటిని స్వయంగా ప్రారంభించరాదు, హఠాత్తుగా మానరాదు. మచ్చకట్టిన ఊపిరితిత్తి తిరిగి మెత్తబడదు. అది మరింత ముదరకుండా నిదానింపజేసే నింటెడానిబ్ వంటి మందులు ఇప్పుడున్నాయి గాని ఖరీదు ఎక్కువ.

వ్యాధి నిర్ధారణకు మామూలు ఎక్స్‌రే చాలకపోవచ్చు. ఊపిరితిత్తుల సీటీ స్కాను, ఊది చూపే స్పైరోమెట్రీ పరీక్ష, అవసరమైతే బ్రాంకోస్కోపీ చేస్తారు. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, కుప్పం పి.ఇ.ఎస్. వైద్య కళాశాల, వేలూరు సి.ఎం.సి. ఈ ప్రాంతపువారికి అందుబాటులో ఉన్న పెద్ద ఆసుపత్రులు. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, తెమడ పరీక్ష కాగితాలు, వాడిన మందుల చీటీలతో పాటు ఇంట్లోని తేమ యంత్రం లేదా కూలర్ తొట్టి లోపలి భాగాన్ని కడగకముందు తీసిన ఫొటో ఒకటి వెంట ఉంటే వైద్యునికి ఉపయోగపడుతుంది.